డోర్లలో గలగల ఆగింది: దారి చూపిన అందరికీ కృతజ్ఞతలు

కారులో పాట పెట్టగానే డోర్లూ డిక్కీ గలగలమంటున్నాయి, డ్యాంపింగ్ షీట్లు (రేకు మోతను అణచడానికి అంటించే షీట్లు) ఎన్ని తేవాలి అని నేను అడిగితే ఓపిగ్గా జవాబులు రాసిన ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అందరికంటే ముందు, "షీట్ల సంగతి తర్వాత, చప్పుడు ఎక్కడ పుడుతోందో ముందు పట్టుకోండి" అని రాసినవారికి. మిగతా పనంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. ఇదే చప్పుడుతో విసిగిపోతున్నవాళ్లకు పనికొచ్చేలా ఎవరి సలహా ఏ పని చేసిందో కొలతలతో సహా ఇక్కడ పెడుతున్నాను.

రేకు మోగడం వేరు, గలగల వేరు అని విడమరిచి చెప్పినవారికి తర్వాతి నమస్కారం. డోర్ బయటి రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. బాస్ కొట్టినప్పుడు అది పళ్లెంలా మోగుతుంది. దానికి మందు బ్యుటైల్ షీట్, అంటే పైన అల్యూమినియం పొర ఉన్న జిగురు రబ్బరు షీటు. రేకు వంగినప్పుడల్లా, దానికీ పైనున్న అల్యూమినియం పొరకూ మధ్య చిక్కుకున్న బ్యుటైల్ అటూ ఇటూ సాగి ఆ కదలికను వేడిగా మార్చేస్తుంది. పైన అల్యూమినియం పొర లేకపోతే బ్యుటైల్ రేకుతో పాటే వంగిపోతుంది తప్ప పెద్దగా పని చేయదు. గలగల సంగతి ఇది కాదు. వెంట్రుకవాసి సందుతో పక్కపక్కనే ఉన్న రెండు వస్తువులు కొట్టుకుంటే వచ్చే శబ్దం అది. దానికి సందు మూయాలి, లేదా మధ్యలో మెత్తటిదేదైనా పెట్టాలి. ఎన్ని చదరపు మీటర్ల షీటు అంటించినా వదులుగా ఉన్న క్లిప్పు బిగుసుకోదు.

చప్పుడు వెతకడానికి పాటలు పనికిరావు, టోన్ (ఒట్టి స్వరం) కావాలి అన్నవారి సలహా బంగారం. 20 హెర్ట్జ్ నుంచి 200 హెర్ట్జ్ వరకు నిమిషంన్నర పాటు నెమ్మదిగా పెరిగే స్వీప్ టోన్ ఒకటి చాలు. ఈక్వలైజర్ ఫ్లాట్‌గా పెట్టి, బ్యాలెన్స్ (ఎడమ-కుడి), ఫేడర్ (ముందు-వెనక) తిప్పి ఒక్కో స్పీకర్‌నే మోగించాలి. వాల్యూమ్ మధ్యస్థంగా చాలు. డోర్ స్పీకర్‌కు 40 హెర్ట్జ్ లోపు టోన్‌ను గట్టిగా ఇస్తే స్పీకరే దెబ్బతింటుంది. అంతకంటే ముందు డోర్ అరల్లో సీసాలు, చిల్లర, తాళాలు, సన్‌గ్లాసెస్ డబ్బా అన్నీ ఖాళీ చేసేయాలి. సీటుబెల్టు బకిల్ పక్కనున్న ప్లాస్టిక్‌కు తగలకుండా చేత్తో పట్టుకుని చూడాలి. చప్పుడు మొదలైన చోట స్వీప్ ఆపి, అదే హెర్ట్జ్‌లో టోన్ నిలిపి ఉంచాలి. ఒకరు టోన్ చూసుకుంటుంటే ఇంకొకరు డోర్ ప్యాడ్ (డోర్ లోపలివైపు ప్లాస్టిక్ కవరు) మీద అరచేత్తో ఒక్కోచోట నొక్కుతూ పోవాలి. చేయి పడగానే చప్పుడు ఆగిన చోటు మీద పెయింటర్లు వాడే కాగితపు టేపు ముక్క అంటించి హెర్ట్జ్ రాసిపెట్టాలి. ప్యాడ్ ఊడదీశాక ఏ చప్పుడు ఎక్కడిదో గుర్తుండదు, ఆ టేపు ముక్కలే దారి చూపిస్తాయి.

అసలు స్పీకర్‌నే అనుమానించమన్నవారికి ప్రత్యేక ధన్యవాదాలు. స్పీకర్ విప్పి, మెత్తటి బట్ట మీద పెట్టి, అదే టోన్ తక్కువ వాల్యూమ్‌లో ఇవ్వాలి. అప్పుడూ గరగర వస్తే తప్పు డోర్‌ది కాదు. వాయిస్ కాయిల్ (స్పీకర్ లోపలి తీగచుట్ట) రాసుకుంటూ ఉండొచ్చు, లేదా కోన్ (స్పీకర్‌లో ఊగే గరాటు) వెనక ఉండే జడలాంటి సన్నటి తీగ కోన్‌కు తగులుతూ ఉండొచ్చు. ఆంప్ గెయిన్ (ఆంప్లిఫయర్ సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) మరీ పెంచినా సిగ్నల్ తల తెగి ఇలాంటి గరగరే వినిపిస్తుంది. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు పడుతుంది. అది చేయకుండా షీట్లు అంటిస్తే రోజంతా వృథా.

డోర్ ప్యాడ్ ఊడదీయడం గురించి వచ్చిన హెచ్చరికలన్నీ నిజమే. హ్యాండిల్ గిన్నెలో, ఆర్మ్‌రెస్ట్ కింద మూత చాటున స్క్రూలు దాగి ఉంటాయి. అవన్నీ తీశాకే ప్లాస్టిక్ ప్రై టూల్‌తో (సందులో దూర్చి ఎత్తే పనిముట్టు) అడుగు మూల నుంచి మొదలుపెట్టి, క్లిప్పు పక్కనే పట్టుకుని లాగాలి. దూరంగా పట్టి లాగితే క్లిప్పు కాదు, అది కూర్చునే ప్లాస్టిక్ బుడిపె విరుగుతుంది. అది విరిగితే జీవితాంతం గలగలే. అదే కారుకు సరిపడే కొత్త క్లిప్పులు డోర్‌కు నాలుగైదు ముందే తెచ్చుకోవాలి. ఒకసారి నలిగిన క్లిప్పు మళ్లీ బిగువుగా కూర్చోదు. ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్ గానీ సెన్సార్ గానీ ముట్టుకోవాల్సి వస్తే బ్యాటరీ నెగెటివ్ తీసి, కారు మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాల్సిందే. కొన్ని కార్లలో డోర్ లోపలి గాలి ఒత్తిడిని చూసే క్రాష్ సెన్సార్ డోర్‌లోనే ఉంటుంది. దాన్ని గానీ, దాని ముందున్న రంధ్రాన్ని గానీ షీటుతో మూయకూడదు. అలాంటి డోర్లలో లోపలి రేకు రంధ్రాలు మూసే ముందు కూడా మాన్యువల్ చూసుకోవాలి. ఈ మాట గుర్తుచేసినవారు ఎంత మేలు చేశారో చెప్పలేను.

ప్యాడ్ తీసి అదే టోన్ మళ్లీ పెడితే చప్పుడు సగం అక్కడే దొరుకుతుంది. హ్యాండిల్ నుంచి లాక్ దాకా పోయే సన్నటి ఇనుప కడ్డీ రేకుకు తగులుతూ టకటకమంటుంది. వేలితో పట్టుకుంటే ఆగుతుంది, వదిలితే మొదలవుతుంది. కడ్డీ చుట్టూ వైరింగ్‌కు వాడే ఫ్లీస్ టేపు, అంటే నూగు ఉన్న బట్ట టేపు, ఒక వరుస చుడితే చాలు. కడ్డీ కదిలే దారిలో ప్లాస్టిక్ గైడ్ ఉన్నచోట మాత్రం చుట్టకూడదు, లాక్ బిగుసుకుంటుంది. వైర్ల కట్టలకూ, గాల్లో వేలాడే కనెక్టర్లకూ అదే టేపు చుట్టాలి. మామూలు నల్ల ఎలక్ట్రికల్ టేపు ఎండకు జిగురు కారి ఊడిపోతుంది, దాన్ని వాడొద్దు. స్పీకర్ కింది ప్లాస్టిక్ స్పేసర్‌లో (స్పీకర్‌ను రేకు మీద కూర్చోబెట్టే చట్రం) పగులు ఉందేమో చూడాలి. స్పేసర్‌కూ రేకుకూ మధ్య, స్పీకర్‌కూ స్పేసర్‌కూ మధ్య ఫోమ్ టేపు వేసి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఒకటే పూర్తిగా బిగిస్తే ఫ్రేమ్ వంకర తిరుగుతుంది.

ఇక షీట్ల సంగతి. తారు షీట్లు వద్దు, బ్యుటైలే తెచ్చుకోండి అని నొక్కి చెప్పినవారి మాట అక్షరాలా నిజం. తారు షీటు ఎండలో మెత్తబడి జారుతుంది, కారంతా వాసన వేస్తుంది. 2 మిల్లీమీటర్ల బ్యుటైల్, దాని మీద 0.1 మిల్లీమీటర్ అల్యూమినియం పొర ఉన్న రకం డోర్లకు సరిపోతుంది. అంచు మడిచి చూస్తే పొర కాగితంలా నలిగిపోకూడదు, కాస్త మొండికేయాలి. రేకంతా మూయక్కర్లేదని లెక్క చెప్పినవారి వల్ల సగం షీట్లు మిగిలాయి. మోగే రేకు మధ్యభాగంలో 25 నుంచి 40 శాతం కప్పితే మోత దాదాపు పోతుంది, ఆ తర్వాత వేసే ప్రతి ముక్కకూ ఫలితం తగ్గుతూ పోతుంది. వేలి కణుపుతో రేకు మీద కొడుతూ పోండి. "టంగ్" అని సాగే చోట ముక్క పడాలి, "ఠప్" అని ఆగే చోట అక్కర్లేదు. బయటి రేకుకు ఒక్కో డోర్‌లో పావు నుంచి అర చదరపు మీటరు చాలు, అందులో ఒక ముక్క తప్పకుండా స్పీకర్ సరిగ్గా వెనక పడాలి. అడ్డంగా పోయే ఇంపాక్ట్ బార్‌కూ (గుద్దుకున్నప్పుడు కాపాడే ఉక్కు కమ్మీ) రేకుకూ మధ్య గట్టిపడిన సీలెంట్ ముద్దలుంటాయి. అవి ఊడి ఉంటే రేకు బార్‌కు కొట్టుకుంటుంది. ఆ సందులో క్లోజ్డ్ సెల్ ఫోమ్ (నీరు పీల్చని ఫోమ్) ముక్క దూర్చాలి. గట్టిగా కుక్కితే బయటి రేకు ఉబ్బుతుంది, జాగ్రత్త.

అంటించే ముందు రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవాలి. మొదటిసారి గుడ్డకు నల్లగా వస్తుంది, రెండోసారి తెల్లగా రావాలి. ఫ్యాక్టరీ వేసిన తుప్పు నిరోధక మైనం ఉన్నచోట ఏ షీటూ నిలవదు. ముక్కలు అరచేయంత, మహా అయితే రెండు అరచేతులంత కోయాలి. డోర్ లోపలికి పెద్ద ముక్క దూర్చితే మధ్యలోనే ఎక్కడో అంటుకుని గాలి బుడగలు మిగులుతాయి. చల్లటి రోజైతే హీట్ గన్‌తో రేకునూ షీటునూ గోరువెచ్చగా చేయాలి. తర్వాత రోలర్. షీటు మీద అచ్చుగా ఉండే గళ్లు పూర్తిగా చదునయ్యేదాకా, మధ్య నుంచి అంచులకు నొక్కుతూ పోవాలి. గళ్లు ఇంకా కనిపిస్తుంటే ఆ కింద షీటు పూర్తిగా అంటుకోలేదని లెక్క. అల్యూమినియం అంచు బ్లేడులా కోస్తుంది, చేతికి గ్లోవ్స్ తప్పనిసరి.

లోపలి రేకులోని పెద్ద రంధ్రాలు మూయమన్న సలహా గలగల కోసం ఇచ్చింది కాదు, కానీ బాస్ అంతా దానివల్లే నిండింది. స్పీకర్ వెనక గాలి ఆ రంధ్రాల గుండా ముందుకు వచ్చి ముందు గాలితో కలిస్తే బాస్ కరిగిపోతుంది. పెద్ద రంధ్రం మీద షీటు ఒక్కటే అంటిస్తే అది డప్పు తోలులా ఊగుతుంది. 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకో, గట్టి ప్లాస్టిక్ పలకో కోసి, అంచున ఫోమ్ టేపు వేసి స్క్రూలతో బిగించి, దాని మీద షీటు వేయాలి. విండో మోటారు రేపు పాడైతే స్క్రూలు విప్పితే చాలు. ఫ్యాక్టరీ వేసిన తేమ పొరను మాత్రం పారేయొద్దు. డోర్‌లోకి వచ్చిన వాననీరు సీటు వైపు రాకుండా ఆపేది అదే.

నీటి విషయంలో హెచ్చరించినవారికి ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. డోర్ అడుగున నీరు పోయే రంధ్రాలుంటాయి. వాటికి రెండు మూడు వేళ్ల దూరం దాకా ఏ షీటూ పోకూడదు. మూసుకుంటే నీరు నిలిచి డోర్ అడుగు నుంచి తుప్పు తినేస్తుంది, బయటికి కనిపించేసరికి ఆలస్యమవుతుంది. డోర్ లోపల మామూలు స్పాంజి వద్దు, నీరు పీల్చుకుని వదలదు. ఉబ్బే స్ప్రే ఫోమ్ అసలు వద్దు. అది ఎక్కడికి పాకుతుందో చేతిలో ఉండదు, తీయడం ఎవరి తరమూ కాదు. పని అయ్యాక ప్యాడ్ పెట్టకముందే అద్దం పూర్తిగా దించి, ఎక్కించి చూడాలి. ఆపైన మూసిన అద్దం మీద చెంబెడు నీళ్లు పోసి, అవి అడుగు నుంచి కారుతున్నాయో లేదో చూడాలి.

ప్యాడ్ వెనకవైపు ప్లాస్టిక్ అతుకుల దగ్గర ఫెల్ట్ టేపు, విశాలమైన చోట 3 మిల్లీమీటర్ల క్లోజ్డ్ సెల్ ఫోమ్ చాలు. 10 మిల్లీమీటర్లు వేస్తే ప్యాడ్ రేకు దాకా రాదు, క్లిప్పులు సగమే దిగుతాయి, కొత్త గలగల పుడుతుంది. ఇక్కడ ఆత్రం పనికిరాదు.

డిక్కీలో పెద్ద దోషి నంబర్ ప్లేటే. దాని వెనక నాలుగు మూలలా ఫోమ్ ముక్కలు వేస్తే ఆగిపోతుంది. డిక్కీ మూతకు రబ్బరు స్టాపర్లు మరతో తిరిగేవైతే అర చుట్టు బయటికి తిప్పాలి. మూత మూశాక చేత్తో ఊపితే కదలకూడదు. జాకీ, పనిముట్లు బట్టలో చుట్టేయాలి.

రోడ్డు హోరు కూడా తగ్గుతుందా అని అడిగిన మిత్రులకు: కాస్త తగ్గుతుంది, అంతే. అది వేరే పని, దానికి ఫోమ్ మీద బరువైన వినైల్ పొర కావాలి. చదరపు మీటరుకు దాదాపు 5 కిలోలుండే ఆ పొరను నేల మీద సందు లేకుండా పరవాలి.

చివరగా, డోర్ స్పీకర్లకు 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది బాస్‌ను ఆపే సెట్టింగ్) పెట్టమన్నవారికి కృతజ్ఞతలు. బాస్ కోసం వూఫర్ విడిగా ఉన్న కారులో డోర్ మోయక్కర్లేని బరువది. అది దించేశాక మిగిలిన ఒకే ఒక్క టేపు ముక్క, 63 హెర్ట్జ్ అని రాసింది, కూడా ఊడదీసేశాను.