టెర్రీ ఫాక్స్ ఆ పరుగు పూర్తి చేయలేదండీ

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో టెర్రీ ఫాక్స్ మీద వేసిన వ్యాసం చదివాను. 'కృత్రిమ కాలుతో కెనడాను ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుగెత్తి క్యాన్సర్‌ను జయించిన వీరుడు' అని రాశారు. రెండూ తప్పే. ఆయన ఆ కొస చేరలేదు, క్యాన్సర్‌నూ జయించలేదు. 1981 జూన్ 28న, ఇరవై మూడో పుట్టినరోజు ఇంకా సరిగ్గా నెల ఉందనగా పోయాడు.

అచ్చుతప్పైతే ఊరుకునేవాణ్ణే. తెనాలిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరై, ఇప్పుడు మిసిసాగాలో కూతురి దగ్గర ఉంటున్నాను. సెప్టెంబరులో ఒకరోజు పొద్దున్నే మనవరాలు 'తాతయ్యా, ఒక టూనీ ఇవ్వవా' అని వచ్చింది. టూనీ అంటే ఇక్కడి రెండు డాలర్ల నాణెం. ఎందుకే అంటే టెర్రీ పరుగుకి అంది, అంటే ఆయన పేరున క్యాన్సర్ పరిశోధన చందా కోసం స్కూల్లో పెట్టే పరుగు. గౌను మీద స్టిక్కరు. 'టెర్రీ నా కోసం పరుగెత్తాడు, నేను పరుగెత్తేది ఫలానా వారి కోసం' అని ఉంటుంది, ఆ ఫలానా దగ్గర ఖాళీ. అందులో ఇంగ్లిషు అక్షరాల్లో 'అమ్మమ్మ' అని రాసుకుంది, ఎమ్‌లు ఒకటో రెండో ఎక్కువే పడ్డాయి. మా ఆవిడ రొమ్ము క్యాన్సర్‌తో పోయి నాలుగేళ్లు. పిల్లకి ఆమె ముఖం గుర్తుందో లేదో కూడా నాకు తెలీదు.

స్కూలు గ్రౌండు చుట్టూ పిల్లలంతా పరుగెత్తారు, కొందరు నడిచారు, ఒక పిల్లాడు మధ్యలో కూర్చుని లేసు కట్టుకుంటూ ఉండిపోయాడు. ఫస్టు ఎవరొచ్చారమ్మా అని నా అలవాటు కొద్దీ అడిగితే టీచరమ్మ నవ్వి 'ఇందులో ఫస్టు లేదండీ' అంది. బహుమతి లేదు, టైము చూసేవాళ్లు లేరు, ఏ కంపెనీ బ్యానరూ లేదు. తన పరుగును ఎవరూ వ్యాపారానికి వాడుకోకూడదని టెర్రీ మొదట్నుంచీ పట్టుబట్టాడు, వచ్చిన ఆఫర్లు కాదన్నాడు, ఇప్పటికీ అదే నియమం. (మన ఊళ్లలో జరిగే చారిటీ రన్‌లలో టీషర్టు వీపు మీద ఎన్ని లోగోలుంటాయో లెక్కపెట్టాలంటే నాలాంటి లెక్కల మాస్టారే కావాలి.)

ఇంటికొచ్చి ఆయన గురించి దొరికినంతా చదివాను. విన్నిపెగ్‌లో పుట్టి, బ్రిటిష్ కొలంబియాలోని పోర్ట్ కోక్విట్లంలో పెరిగాడు, బాస్కెట్‌బాల్ పిచ్చి. 1977లో ఎముక క్యాన్సర్ వచ్చి కుడికాలు మోకాలి పైకి తీసేశారు, అప్పటికి పద్దెనిమిదేళ్లు. అప్పుడు తెలిసిన ఒక లెక్క అతన్ని వదల్లేదు. బతికే అవకాశం నూటికి 50 అన్నారు. అదే జబ్బు రెండేళ్ల ముందు వచ్చుంటే 15 మాత్రమేనట. ఈ రెండేళ్లలో 15 కాస్తా 50 ఎలా అయింది? ఎవరో ఎక్కడో ల్యాబులో కూర్చుని పని చేశారు కాబట్టి, దానికి ఎవరో డబ్బు పెట్టారు కాబట్టి. పదహారు నెలల కీమోలో పక్క మంచాల మీద తనకంటే చిన్న పిల్లలు చనిపోవడం చూస్తూ అతను పట్టుకున్నది ఈ పాయింటు. అందుకే పరుగు పెట్టింది పరిశోధన కోసం, చందా అడిగింది పరిశోధన కోసం. మీ వ్యాసంలో ఈ మాట ఒక్కసారి కూడా లేదు, 'మనోధైర్యం' అని మాత్రం నాలుగుసార్లు ఉంది.

1980 ఏప్రిల్ 12న న్యూఫౌండ్లాండ్‌లోని సెయింట్ జాన్స్‌లో కృత్రిమ కాలిని అట్లాంటిక్ నీళ్లలో ముంచి బయలుదేరాడు. వెనక వ్యానులో ఒక్క స్నేహితుడు. వీడియోలు చూడండి, మంచి కాలి మీద రెండు గెంతులు, కృత్రిమ కాలితో ఒక అడుగు, మళ్లీ రెండు గెంతులు. కాలు తెగిన చోట ఒరుసుకుని రక్తం కారేది. దేవుడేమీ కాదు, విసుగూ కోపమూ ఉన్న కుర్రాడే. వ్యాను నడిపే స్నేహితుడితో ఎంత గొడవలంటే సర్దిచెప్పడానికి తమ్ముడు రావాల్సి వచ్చింది. క్యూబెక్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, పైగా రోడ్డు దిగమని హారన్లు. అదే న్యూఫౌండ్లాండ్‌లో పోర్ట్ ఓ బాస్క్ అనే పదివేల జనాభా ఊరు పదివేల డాలర్లిచ్చింది. దేశంలో మనిషికో డాలరు అన్న ఆలోచనకి ఊతం అదే. 143 రోజులయ్యాక, సెప్టెంబరు 1న, ఒంటారియోలో థండర్ బే దగ్గర దగ్గూ ఛాతీ నొప్పీ వచ్చి ఆగిపోయాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. రోజుకో మారథాన్, అంటే 42 కిలోమీటర్లు, అని అందరూ అంటారు, సగటు తీస్తే 37 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. తుఫాన్లు, దారి పొడవునా సభలు, అవన్నీ ఉన్నాయి మరి. 1981 ఫిబ్రవరికి చందా 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది, మనిషికో డాలరు అన్న మాట నిలబడింది. అది తెలిసేదాకా బతికే ఉన్నాడు.

ఇంకో సంగతి. ఒంటికాలితో ఆ కొస నిజంగానే చేరినవాడు ఒకడున్నాడు. స్టీవ్ ఫోన్యో. పన్నెండేళ్లకే క్యాన్సర్‌తో ఎడమకాలు పోయింది. 1984లో అదే సెయింట్ జాన్స్‌లో మొదలుపెట్టి 1985 మే నెలలో పసిఫిక్ ఒడ్డున విక్టోరియాలో ఆగాడు, 7,924 కిలోమీటర్లు, కోటి డాలర్లకు పైగా చందా. తర్వాత తాగుడూ, డ్రగ్సూ, కేసులూ. ఇచ్చిన ఆర్డర్ ఆఫ్ కెనడా అనే జాతీయ పురస్కారం కూడా వెనక్కి తీసుకున్నారు. 2022లో పోయాడు. కొస చేరడమే గొప్ప అనుకుంటే మీరు ఫొటో వేయాల్సింది ఇతనిది. వేయమనే అంటాను, ఇంకో ఆదివారం.

టెర్రీ విషయంలో మాత్రం ఆ ఆగిపోవడాన్ని చెరిపేసి గెలుపు కథ చేయకండి. ఇక్కడివాళ్లు అలా చేయలేదు. 2023లో కొత్త పాస్‌పోర్టు పేజీల్లోంచి ఆయన బొమ్మ తీసేస్తే జనం గోల చేశారు, 2024 డిసెంబరులో ఐదు డాలర్ల నోటు మీదికి ఆయన్ని తెస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. పూర్తికాని పరుగే ఆ నోటెక్కుతున్నది. నా మనవరాలికి కూడా టీచరు అలాగే చెప్పింది, ఆయన ఆగినచోటు మ్యాపులో వేలు పెట్టి చూపించింది నాకు.

సవరణ వేస్తారని ఆశిస్తాను. వేసేటప్పుడు అంకె కూడా చూసుకోండి. మీరు 8,000 కిలోమీటర్లు అని వేశారు. అది ఆయన పరుగెత్తాలనుకున్న దూరం. పరుగెత్తింది 5,373.

ఇట్లు,
ఒక రిటైర్డు లెక్కల మాస్టారు,
తెనాలి (ప్రస్తుతం మిసిసాగా, కెనడా)