ఎక్కిన బండే ఆఖరి మెట్టు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా అనుబంధంలో ‘పారామెడికల్ చదివితే పక్కా కొలువు’ అని అరపేజీ కథనం వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపంలో రాస్తే బూతులు దొర్లుతాయని మా ఆవిడ ఆపింది. ఆరు రోజులైంది. కోపం తగ్గలేదు గానీ బూతులు తగ్గాయి, అందుకని రాస్తున్నాను.

ఆ కథనాన్ని కత్తిరించి మా ఇంటికి పట్టుకొచ్చినవాడు మా అక్క కొడుకు. ఇంటర్ బైపీసీ పూర్తయింది, నీట్‌లో ర్యాంకు రాలేదు. “మావయ్యా, నువ్వు చేసిందీ ఇదే గదా, ఫీజు కట్టీమంటావా?” అని అడిగాడు. నేను 2011 నుంచి తొమ్మిదేళ్లు అంబులెన్స్‌లో ఈఎంటీగా (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, బండిలో పేషెంటు పక్కన కూర్చునేవాడు) పని చేశాను, టెక్కలి, మెళియాపుట్టి, పాతపట్నం వైపు. ఏ కాంట్రాక్టు సంస్థ కిందనో రాయను. ఇప్పుడు జిరాక్స్, రీచార్జి షాపు నడుపుకుంటున్నాను. వాడికి ఏం చెప్పాలో తోచక మీకు చెబుతున్నాను.

అసలు తగాదా ఆ ‘పారామెడికల్’ అన్న మాటతోనే. ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే, డయాలసిస్, కళ్లద్దాల కోర్సు, ఆపరేషన్ థియేటరు, చివర్న ‘అంబులెన్స్ సేవలు’ అన్నీ మీ విలేకరి ఒకే గంపలో పోసి, గంప మీద ఒకటే ధర రాశారు. డయాలసిస్ నేర్చినవాడికి మన జిల్లాలో పని దొరుకుతుంది, కాదనను. ఉద్దానం కిడ్నీల గతి అలాంటిది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. ల్యాబ్ చదివినవాడు ఎక్కడో ఒక చోట రక్తం తీసైనా బతుకుతాడు. బయటి దేశాల్లో పారామెడిక్ అంటే అంబులెన్స్‌లో వచ్చి మనిషి ప్రాణం పట్టుకునేవాడు. మన దగ్గర డాక్టరూ నర్సూ కాని ప్రతివాడూ పారామెడికలే. అంబులెన్స్‌వాడి పేరు కూడా పక్కవాళ్లు పంచేసుకున్నాక వాడికి మిగిలేదేముంది?

ఇక చదువు. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీలో బీఎస్సీ ఉంది, మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. 2021లో కేంద్రం అలైడ్ (అంటే వైద్యానికి అనుబంధ), హెల్త్‌కేర్ వృత్తులకు ఒక చట్టం తెచ్చింది. అందులో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ పేరు ఉంది. డిప్లొమా అయితే కనీసం 2,000 గంటలు, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకునే డిగ్రీ అయితే 3,600 గంటలు చదవాలని కూడా రాశారు. బాగుంది. మరి చెప్పుల షాపు పైఅంతస్తులో ‘ఆరు నెలల్లో పారామెడిక్, నూరు శాతం ప్లేస్‌మెంట్’ అని ఫ్లెక్సీ కట్టినవాణ్ణి వచ్చి అడిగే ఆఫీసరు ఎవరు? ఆరు నెలల్లో 2,000 గంటలు పూర్తి కావాలంటే ఆదివారాలు, దసరా, సంక్రాంతి కలుపుకుని రోజుకు పదకొండు గంటలు చదవాలి. లెక్క మీరే వేసుకోండి. ఆ ఫ్లెక్సీవాడి ప్రకటన మీ పేపర్లోనే, అదే ఆదివారం, ఆ కథనం కిందే ఉంది. నేను చూశాను.

నా సంగతీ దాచను. నాది బోటనీ డిగ్రీ. రెండు నెలలు కూడా నిండని శిక్షణ ఇచ్చి బండెక్కించారు. మిగతాది రోడ్డు మీద నేర్చుకున్నాను, కొంత జనం ప్రాణాల మీదే నేర్చుకున్నాననాలి. నాలుగేళ్లు పూర్తిగా ఇదే చదివిన కుర్రాడు తర్వాత వచ్చి నా పక్క సీట్లో, నా జీతానికే కూర్చున్నాడు. ఎవరికి అవమానమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పని ఎలాంటిదో మీ కథనంలో ఒక్క వాక్యం లేదు కాబట్టి నేను ఒకటి రాస్తాను. మెళియాపుట్టి కొండల్లో రోడ్డు ఆగిపోయేచోట ఒక రాత్రి బండి నిలిపి ఉంచాం. పైనుంచి నొప్పులు పడుతున్న సవర గిరిజన పిల్లను డోలీలో మోసుకొచ్చారు. ఆసుపత్రి దాకా వెళ్లే టైము లేదు, బండిలోనే కాన్పు. బిడ్డ ఏడవలేదు. తుడిచాను, వీపు రుద్దాను, నోరు శుభ్రం చేసి, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ పట్టాను. పైలట్, అదే మా డ్రైవరు, సెల్‌ఫోన్ లైటు పట్టుకుని వణుకుతున్నాడు. పేర్లకేం తక్కువ లేదు, డ్రైవరుకు పైలట్ అని పేరు, జీతం మాత్రం నేల మీదే. ఎంతసేపటికో బిడ్డ పిల్లిపిల్లలా ఓ మూలుగు మూలిగింది. అప్పుడు ఆ పిల్ల అత్త నా చెయ్యి పట్టుకుని “డాక్టరు బాబూ, నీకు జీతమెంత?” అంది. చెప్పాను. “అంతేనేటి! మావోడు చెన్నైలో మేస్త్రీ పనికెళ్లి నీకన్నా ఎక్కువ తెస్తాడు” అని జాలిపడింది.

మర్నాడు మీ పేపర్లోనే వార్త: ‘అంబులెన్స్‌లో ప్రసవం, తల్లీబిడ్డ క్షేమం’. చేసినవాడు ‘సిబ్బంది’. ఆ రోజు ఆ ఊరికి రోడ్డు వేయిస్తామన్న నాయకుడిది మాత్రం ఫొటోతో సహా పూర్తి పేరు.

పెద్దాసుపత్రికి చేరాక ఇంకో కథ. పేషెంటును దించడానికి వాళ్ల దగ్గర ఖాళీ స్ట్రెచర్ ఉండదు, మా స్ట్రెచరే లోపలికి పోతుంది. అది తిరిగొచ్చేదాకా బండి కదలదు. ఒకసారి గంటా పది నిమిషాలు కాజువాలిటీ గుమ్మం ముందు నిలబడ్డాను. ఆ గంటలో ఇంకెవరికో గుండె ఆగితే ఆ తప్పు కూడా ‘ఆలస్యంగా వచ్చిన అంబులెన్స్’దే. పట్నంలో 15 నిమిషాలు, పల్లెలో 20, ఏజెన్సీలో 30 అని బండి చేరడానికి నిమిషాల లెక్క ఉంది. జీతం చేరడానికే తేదీ లేదు. మూడు నెలలు ఆగిన సందర్భాలు నాకు ఉన్నాయి.

అన్నిటికన్నా నన్ను మండించేది ఇంకొకటి. అంబులెన్స్ బండికి ఏఐఎస్ 125 అని దేశమంతటికీ ఒక ప్రమాణం ఉంది. అందులో బండ్లు ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలు. మోటార్‌సైకిలు మొదలు ప్రాణం నిలిపే పరికరాలన్నీ ఉండే అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ బండి దాకా, ఏ బండిలో ఏముండాలో అన్నీ రాశారు. ఇనుముకు నాలుగు మెట్లు కట్టిన దేశం అందులో కూర్చున్న మనిషికి రెండో మెట్టు కట్టలేదు. ఈఎంటీగా ఎక్కాను, ఈఎంటీగానే దిగాను. పైన జిల్లా మేనేజరు కుర్చీ ఒకటి కనబడేది. అందులోకి బయటినుంచి ఎంబీఏ కుర్రాళ్లు వచ్చి, మెడకు పెట్టే సెర్వికల్ కాలర్ ఎటు తిప్పి పెట్టాలో తెలియకపోయినా, డీజిలు ఎందుకెక్కువైందని మమ్మల్ని నిలదీసేవారు.

రాష్ట్రంలో 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ప్రభుత్వాలు మారాయి, టెండర్లు మారాయి, బండ్ల రంగులు మారాయి. మా దగ్గర సంస్థ మారినప్పుడల్లా అదే మనిషి, అదే సీటు, సర్వీసు మాత్రం మళ్లీ ఒకటో రోజు. నేను దిగిన నాటికి అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం అయిదేళ్ల నిరంతర సర్వీసు అడిగేది. నాకు తొమ్మిదేళ్లున్నాయి, ‘నిరంతర’ మాత్రం లేదట! పాత సంస్థను అనుభవం సర్టిఫికెట్ అడిగితే ఫోన్ ఎత్తరు, కొత్తవాళ్లను అడిగితే మాకు సంబంధం లేదంటారు. ఆ కాగితం లేక గల్ఫ్ ఉద్యోగం పోగొట్టుకున్నవాడు నాకు తెలుసు. అక్కడ లైసెన్సుకు ప్రతి సర్టిఫికెట్‌నూ ఇచ్చినచోటికే పంపి సరిచూస్తారు. ఇచ్చినచోటు మూతపడితే ఎవరు జవాబిస్తారు?

ప్రభుత్వ నోటిఫికేషన్లు కూడా నేను రోజూ చూస్తాను, నా షాపులోనే జిరాక్సులు తీస్తారు మరి. స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ వరసగా కనబడతాయి. ఈఎంటీ కోసం వేలు పెట్టి వెతుక్కోవాలి. ఎప్పుడైనా తగిలితే ఒకటో రెండో, అవీ ఔట్‌సోర్సింగే. రోడ్డు మీద పదేళ్లు చేసినవాణ్ణి కాజువాలిటీలో ట్రయాజ్‌కు, అంటే ఎవర్ని ముందు చూడాలో తేల్చే పనికి, పెట్టుకుంటే ఆసుపత్రికి ఏం నష్టం? కొత్తవాళ్లకు ట్రైనరుగా వేస్తే ఎవరి సొమ్ము పోతుంది? అడిగితే “ఆ పోస్టు శాంక్షన్ లేదు” అంటారు. శాంక్షన్ ఆకాశం నుంచి రాలుతుందనుకుంటారు కాబోలు. జనవరి 26న శాలువా, ప్రశంసాపత్రం మాత్రం తప్పక శాంక్షన్ అవుతాయి. నాకు రెండున్నాయి. ఒకదాంట్లో నా పేరు తప్పు.

ప్రభుత్వం చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. టెండరు ఎవరికిచ్చినా పాత సర్వీసు లెక్కలో ఉంచమని ఒప్పందంలో ఒక్క లైను రాయాలి. డిగ్రీ ఉన్నవాడికీ, అనుభవం ఉన్నవాడికీ పై మెట్టు ఏమిటో కాగితం మీద పెట్టాలి. ఆ ఒక్క లైనుకు ఎన్ని ధర్నాలు చేశామో మీ పాత సంచికల్లోనే ఉంటుంది, అయిదో పేజీ కింది మూలన.

మా అక్క కొడుకు ఫీజు కట్టడానికి ఈ నెల 30 దాకా గడువుంది. ‘పక్కా కొలువు’ అని రాసిన మీ విలేకరి ఫోన్ నంబరు పంపగలరా? మావాడి చేత ఆయనతో ఒకసారి మాట్లాడిస్తాను.

ఇట్లు,
ఒక మాజీ ఈఎంటీ,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా

(మా బావమరిది ఇంకా ఆ పనిలోనే ఉన్నాడు. దయచేసి నా పేరు వేయకండి.)