రెండు గంటలు చాలమ్మా

బరంపురం

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ వెనక ఏదో టింగుటింగుమంటూనే ఉంది. అదేమిటమ్మా అని అడిగితే, "క్లాడ్ కోడ్ నాన్నా, నాకు ప్రోగ్రాములు రాసిపెట్టే ఆ ఏఐ, అది చేసే అన్నింటికీ శబ్దాలు పెట్టాను, ఇప్పుడు ఏదీ చెవికి ఎక్కడం లేదు, మొత్తం తీసేస్తాను" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. తీసేయవద్దు. ఫోనులో సగం చెప్పి సగం మరిచిపోతాను కనుక రాస్తున్నాను.

వేసవిలో నువ్వు ఇంటికి వచ్చినప్పుడు చూశాను కదా. అమ్మ చద్దన్నంలో పెరుగు కలిపి పెడితే (పక్కింటివాళ్లను చూసి నువ్వూ దాన్ని పఖాళ అనే అంటున్నావు) రెండు ముద్దలు తిని గదిలోకి పరుగు. మళ్లీ వచ్చి ఇంకో ముద్ద, మళ్లీ పరుగు. ఎందుకంటే చెప్పావు: పని అప్పగిస్తే అది ఫైళ్లు చదువుతూ, రాస్తూ తన దారిన పోతుంది. మధ్యలో ఏదైనా చేయడానికి నీ అనుమతి కావలసి వస్తే ఆగిపోతుంది. నువ్వు చూసుకోకపోతే అరగంటైనా అక్కడే ఉంటుంది. స్టేషను బయట హోమ్ సిగ్నల్ దగ్గర బండి నిలిచిపోయినట్టు అని నాకు వెంటనే అర్థమైంది.

ఆ మధ్యాహ్నం మనిద్దరం కూర్చుని గంటలు పెట్టాము. హుక్స్ అనేవి ఉన్నాయని, ఫలానా సందర్భం వచ్చినప్పుడు ఫలానా ఆదేశం నడపమని సెట్టింగ్స్ ఫైలులో రాసుకోవచ్చని చెప్పావు. అనుమతి కావలసినప్పుడు, లేదా నీ జవాబు కోసం ఊరికే కూర్చున్నప్పుడు నోటిఫికేషన్ అనే హుక్. పని ముగించి చెప్పవలసింది చెప్పేసినప్పుడు స్టాప్ అనే హుక్. మొదటిదానికి దేవుడి గదిలో ఇత్తడి గంట, రెండోదానికి అమ్మ స్టీలు గ్లాసు మీద చెంచాతో తట్టిన చప్పుడు. ఫోనులో రికార్డు చేస్తే మొదట్లో ఒక సెకను ఖాళీ, గంట వెనకాలే కాకి అరుపు. ఆ ఖాళీని కత్తిరించి, వేవ్ ఫైలుగా మార్చి, ఏప్లే అనే ఆదేశంతో మోగించావు. అయినా మోగలేదు. వెతికి వెతికి చూస్తే ఫైలులో ఒక కామా తక్కువ. అది పెట్టగానే మోగిన గంటకు అమ్మ వంటింట్లోంచి హారతి అనుకుని వచ్చింది.

అంత బాగా కుదిరినదాన్ని నువ్వు ఇప్పుడు ప్రతి ఫైలు చదివినా, ప్రతి వరుస మార్చినా మోగేలా చేశావు. అక్కడే పొరపాటు జరిగింది. అది చేసే ప్రతి చిన్న పని తరువాతా నడిచే పోస్ట్ టూల్ యూజ్ హుక్‌కు శబ్దం కడితే గంటసేపట్లో ఎన్నిసార్లు మోగుతుందో నువ్వే లెక్క చూసుకో. అందులో ఒక్కటీ నిన్ను లేచి రమ్మనేది కాదు.

నేను సుర్లా రోడ్డు రైల్వే స్టేషనులో మాస్టరుగా పనిచేసినప్పుడు నా బల్ల మీద రెండు బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్లు, అంటే పక్క స్టేషన్లతో గంటల ద్వారా మాట్లాడే యంత్రాలు, ఉండేవి. ఒకటి ఇచ్ఛాపురం వైపు, అంటే ఆంధ్ర. ఇంకొకటి గొళంతరా వైపు, అంటే ఒడిశా. రెండు గంటల స్వరాలూ వేరు వేరు. తల ఎత్తకుండానే ఎవరు పిలుస్తున్నారో తెలిసేది. ఒక దెబ్బ కొడితే ఇటు చూడమని. రెండు కొడితే లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి ఒప్పుకోలు, అడుగుతున్నారని. మూడంటే బండి రెండు స్టేషన్ల మధ్య సెక్షన్‌లోకి వచ్చింది, నాలుగంటే దాటిపోయింది. ఆరు దెబ్బలు వినిపిస్తే మాత్రం గుండె ఆగినంత పని, అది ప్రమాద సంకేతం. అటువైపు మాస్టరు ఒడియావాడైనా, ఇటువైపు తెలుగువాడైనా గంటకు భాష అక్కరలేదు. దెబ్బల లెక్క ఒక్కటే.

నా ఉద్యోగం కొత్తలో, వేరే స్టేషనులో, ఒక సహోద్యోగి తలనొప్పిగా ఉందని రాత్రి డ్యూటీలో గంటకు తువ్వాలు చుట్టాడు. పక్క స్టేషను పిలుస్తూనే ఉంది. వినిపించలేదు. గూడ్సు బండి ఇరవై నిమిషాలు చీకట్లో నిలిచిపోయింది. ఆ తువ్వాలు నీలం గళ్లది, నాకు ఇప్పటికీ గుర్తు. నువ్వు "తీసేస్తాను" అనగానే అదే కళ్ల ముందు మెదిలింది.

ఇంకొక మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. గంట మోగింది కదా అని మేము లైన్ క్లియర్ ఇచ్చేవాళ్లం కాదు. లైను ఖాళీగా ఉందా, ముందు వెళ్లిన బండి దాటిందా అని రిజిస్టరు చూసి, అప్పుడే ఇచ్చేవాళ్లం. నీ దగ్గర గంట మోగితే అది ఏమి చేయబోతోందో ఆ వరుస మొత్తం చదివిన తరువాతే సరే అను. ఏ ఫైలు తుడిచేస్తానంటోంది, ఏ ఆదేశం నడుపుతానంటోంది అని చూడు. రోజంతా టింగుటింగులు వింటున్న మనిషి చదవకుండానే సరే నొక్కేస్తుంది, విసుగు అలాంటిది. ఎక్కువ శబ్దాలు వద్దని నేను పట్టుబట్టేది అందుకే.

కాబట్టి మళ్లీ రెండే ఉంచు. అవి ఒకదానికొకటి ఏమాత్రం పోలిక లేకుండా ఉండాలి. పొట్టిగా ఉండాలి, పాట ముక్కలు వద్దు. నీ సొంత ఫోల్డరులోని సెట్టింగ్స్‌లోనే రాసుకో. ప్రాజెక్టు ఫోల్డరులో పెట్టి అందరికీ పంపితే తోటివాళ్ల కంప్యూటర్లలోనూ ఆ ఆదేశం నడుస్తుందని నువ్వే చెప్పావు. ఇంకొకరి చెవిలో మన గంట ఎందుకు?

ఈ ఉదయం కాకులు లేవకముందే ఇత్తడి గంటను మళ్లీ రికార్డు చేశాను. మూడు సార్లు కొట్టి, అందులో బాగున్నది ఎంచి పంపుతున్నాను. గ్లాసు చప్పుడు పాతదే బాగుందని అమ్మ అంటోంది. పెట్టిన తరువాత ఫోను చేసి నాకూ ఒకసారి వినిపించు.

నాన్న