జవాను వీపు మీది బరువు

సంపాదకులకు నమస్కారం.

మా జిల్లా ఓర్వకల్లు దగ్గరున్న రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రంలో 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధంతో డ్రోన్‌ను కూల్చారన్న వార్త చదివి ఎంతో గర్వపడ్డాను. పదాతి దళంలో పదిహేడేళ్లు నడిచినవాడిగా ఆ రోజే ఒక విన్నపం రాయాలనిపించింది. జవాను భుజాలకూ నడుముకూ తగిలించే పట్టీల మీద కూడా అంతే పట్టుదల చూపాలి.

2024 సెప్టెంబరులో డీఆర్‌డీవో, ఢిల్లీ ఐఐటీ కలిసి 'అభేద్' అనే తేలికపాటి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌ను ప్రకటించాయి. రకాన్ని బట్టి కనీస బరువు 8.2 కిలోలు, 9.5 కిలోలు. మంచి పని, కాదనను. కానీ జవాను మోసేది జాకెట్ ఒక్కటే కాదు. ఇన్సాస్ రైఫిల్ నాలుగు కిలోల పైమాట. రెండు లీటర్ల నీళ్లు రెండు కిలోలు. ఒంటి బరువులో మూడో వంతుకు మించి మోస్తే మనిషిలో చురుకు తగ్గుతుందన్నది సైన్యాల్లో పాత లెక్క. 60 కిలోల కుర్రవాడికి అది 20 కిలోలు. అందులో 14 కిలోలు అప్పుడే నిండిపోయాయి. తూటాలు, గ్రెనేడ్లు, బ్యాటరీలు, తిండి ఇంకా ఎక్కనే లేదు.

బరువు తగ్గించడం ఒక ఎత్తు, మిగిలిన బరువును ఒంటి మీద సర్దడం మరో ఎత్తు. మా ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ బస్తాను వీపు పైభాగానికి ఆనించుకుంటాడు, కిందికి వేలాడనివ్వడు. సైనికుడికీ అంతే. ముందుగా బెల్టు తుంటి ఎముకల మీద బిగువుగా కూర్చోవాలి, అప్పుడే భారం కాళ్లకు దిగుతుంది. తూటాల పౌచ్‌లు రెండు పక్కలా సమానంగా ఉండాలి. బోర్లా పడుకుంటే పొట్ట కింద ఒత్తుకోకూడదు. గాయానికి కట్టే కట్టు ఏ చేతికైనా అందాలి. పిట్టులో, అంటే వీపున తగిలించుకునే సంచిలో, బరువైన సామాను వీపుకు దగ్గరగా, పైన ఉండాలి. నేను చేరిన కొత్తలో నాకిచ్చిన పిట్టుకు నడుము పట్టీయే లేదు. భుజాల మీద చర్మం లేచిపోయేది, రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాణ్ణి. నేటి పిల్లలకు ఆ బాధ ఉండకూడదు.

అందుకే కొనుగోలు చేసేటప్పుడు ఒక్కో వస్తువును విడివిడిగా కాక, జాకెట్, పౌచ్‌లు, పిట్టు అన్నీ తొడిగించి తూచాలి. పొట్టివారికీ పొడుగువారికీ వేర్వేరు కొలతలు ఉండాలి. ఖరారు చేసేముందు మామూలు సిపాయిల చేత ఎండలో, ఎత్తులో మైళ్ల కొద్దీ నడిపించి, వాళ్లు చెప్పింది రాసుకోవాలి. పక్కనే అనంతపురం జిల్లా రాయదుర్గంలో దళసరి జీన్స్ గుడ్డను ఏళ్ల తరబడి కుడుతున్న చేతులున్నాయి. పౌచ్‌లు, పట్టీల నమూనాలు కుట్టే అవకాశం వారికి ఒక్కసారి ఇచ్చి చూడమని రక్షణ శాఖను కోరుతున్నాను.

– ఒక మాజీ సైనికుడు,
ఆదోని, కర్నూలు జిల్లా