రాత్రి డ్యూటీ అక్కకి వందనాలు

అందరికీ వందనాలు. నాన్నని నిన్న సాయంత్రం ఇంటికి తీసుకొచ్చాం. గుంటూరు ఆసుపత్రి వార్డులో 19 రోజులు. ఇంకా నిద్ర తీరలేదు, రాతలో తప్పులుంటే మన్నించండి. అమ్మ, తమ్ముడు, మరదలు వంతులేసుకుని ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పేదేముంది. నేను చెప్పాల్సింది రాత్రిపూట వార్డు తుడిచే అక్క గురించి.

నాన్నకి పక్షవాతంతో కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఒకప్పుడు డప్పు పట్టుకుని ఊరూరా పాడిన మనిషి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపినప్పటి నుంచి ఆయన ఏం పాడినా ‘ఇంకెన్నాళ్లు’ దగ్గరికే వచ్చేది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసిన రోజు అరుగు మీద కూర్చుని అదే పాడారు. నాకు నచ్చేది కాదు. నేను చర్చిలో క్వయర్ పాడతాను. "నమ్మినవాళ్లు దేవుణ్ణి ఇలా నిలదీస్తారా నాన్నా?" అని ఎన్నిసార్లు అన్నానో.

ఎనిమిదో రోజు రాత్రి రెండింటప్పుడు ఆ అక్క నేల తుడుస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. నాన్న పాడే వరసల్లో ఒకటి. చూస్తే నాన్న ఎడమ చేతి వేళ్లు మంచం ఇనుప కడ్డీ మీద దరువేస్తున్నాయి. అక్క తుడుపు కర్ర గోడకి ఆనించి, ఆయన చెవి దగ్గర వంగి, మెల్లగా పాడింది. నాన్న నోరు తెరుచుకుంది. "ఎన్నాళ్లు" అన్నారు. ఎనిమిది రోజుల్లో అదే మొదటి మాట. నేను తడి నేల మీదే కూలబడి ఏడ్చాను.

నా తల మీద చెయ్యేసి, "పదమూడో కీర్తన చదువుకోమ్మా, దావీదూ ఇదే అడిగాడు. వింటాడనుకోబట్టే గదా అడిగేది" అంది.

బైబిల్ తీసి చదివాను. రెండు వచనాల్లో నాలుగుసార్లు అదే ప్రశ్న. ఈ ఏడాది శుభ శుక్రవారం నాడు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగో మాట మీద మాట్లాడింది నేనే. ‘నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అని ప్రభువే తండ్రిని అడిగాడని అంతమందికి చెప్పాను కానీ, మా ఇంటి అరుగు మీద నాన్న అడుగుతుంటే అది ప్రార్థన అని నాకు తోచలేదు.

ఆ అక్క పేరు రాయొద్దంది. కాంట్రాక్టు ఉద్యోగం, పోతుందని భయం. మూడు నెలలుగా జీతం లేదట. అదే ఆసుపత్రిలో స్కానింగ్‌కి స్ట్రెచర్ తొయ్యాలంటే ప్రతిసారీ 200 ఇచ్చుకున్నాం, ఇవ్వకపోతే స్ట్రెచర్ ఖాళీ లేదు! తుడిచేవాళ్లకి జీతాలు ఎందుకు ఇవ్వరు? ఎవరిని అడగాలి? నేనిచ్చిన నోటుని మాత్రం అక్క నా గుప్పిట్లోనే మూసేసి, "నాన్నకి బత్తాయిలు కొనమ్మా" అంది.

పొద్దున నాన్న అటక వైపు చూపించారు. డప్పు దించాం.

అయ్యో, పక్క మంచం భాయ్ గారు రోజూ ఫ్లాస్కులో వేడినీళ్లు పంచేవారు. శంకర్ విలాస్ సెంటర్ టీ కొట్టు అన్న, అర్ధరాత్రి మందులు తెచ్చిన ఆటో తమ్ముడు, ఫిజియోథెరపీ అమ్మాయి, మీ అందరికీ కూడా. విజయవాడ నుంచి ప్రతిరోజూ ఫోన్ చేసి ప్రార్థించిన మా క్వయర్ వాళ్లకి కూడా.