పట్టాదారుకే రైతు భరోసా, సాగుదారుకు అప్పు

ఎడిటర్ గారికి,

2025 జూన్‌లో తెలంగాణలో తొమ్మిది రోజుల్లోనే దాదాపు 9,000 కోట్ల రైతు భరోసా (పంట పెట్టుబడి సాయం) వేశారని మీ పేపర్లోనే చదివాను. మేం కౌలుకు తీసుకుని పత్తి వేసిన నాలుగెకరాల పైసలు, ఎకరానికి 6,000 లెక్కన 24,000, అందులోనే పడ్డాయి. హైదరాబాద్‌లో ఉండే పట్టాదారు ఖాతాలో పడ్డాయి. ఆయన మంచి మనిషే, అడగకుండానే ప్రభుత్వం వేసింది, తీసుకున్నారు. నేను రాసేది సాయం పట్టాదారుకే ఇచ్చే ఆ నిబంధన గురించి.

విత్తనాలు, ట్రాక్టర్ కిరాయి, కలుపు కూలి, మందులు అన్నీ మావే. వాటి మీద ఎకరానికి 15,000 కౌలు, అదీ ఉగాదికే చేతిలో పెట్టాలి. బ్యాంకులో మాకు పంట రుణం రాదు కాబట్టి నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చాం. ఆగస్టులో యూరియా కోసం సొసైటీ ముందు పాస్‌బుక్కులు వరుసలో పెట్టారు. నా దగ్గరున్నది పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్, మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి కవర్లో పెట్టుకున్నది. తీరా నా వంతు వచ్చాక పట్టాదారు ఆధార్ కూడా కావాలన్నారు. పత్తి అమ్మేటప్పుడూ ఇదే తంటా. ఆయన పేరు మీద అమ్మితే పైసలు ఆయన ఖాతాకు పోతాయి, లేదంటే ఊళ్లో దళారి చెప్పిన ధరకే ఇచ్చేయాలి.

5 లక్షల రైతు బీమా కూడా పట్టా ఉన్నవాళ్లకే. రేపు మా ఆయనకు ఏమన్నా అయితే (ఈ మాట రాయడానికే చెయ్యి రావడం లేదు) నాలుగెకరాలు దున్నిన మనిషికి ఆ బీమా లేదు. భూమిలేని కూలీల ఆత్మీయ భరోసా వస్తుందా అంటే, అత్త పేరు మీద పది గుంటల చెలక ఉంది కాబట్టి అదీ రాదు. ఆ చెలకకు పడ్డ రైతు భరోసా 1,500. మా ఇంటికి వచ్చిన సాయమంతా అదే.

కౌలుదార్లను గుర్తించడం కష్టమంటారు. ఏ సర్వే నంబర్లో ఏ పంట ఉందో ప్రతి సీజన్‌లో ఏఈఓలు (వ్యవసాయ విస్తరణ అధికారులు) నమోదు చేసుకుంటూనే ఉన్నారు. అక్కడే సాగుదారు పేరూ రాసుకుంటే ఏం పోతుంది? పహాణీలో (భూమి రికార్డులో) అనుభవదారు, అంటే భూమి సాగు చేసుకునేవాళ్ల కాలమ్ ఉండేది, ధరణి వచ్చినప్పుడు దాన్నీ తీసేశారు. పేరు ఎక్కితే భూమి పోతుందని పట్టాదారులు భయపడతారు. 1950 కౌలు చట్టంతో రక్షిత కౌలుదార్లకు హక్కులొచ్చిన సంగతి మా దగ్గర పెద్దలు ఇంకా చెప్పుకుంటారు కాబట్టి ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ 2011 సాగుదారుల చట్టం కింద ఇచ్చే రుణ అర్హత కార్డు ఏడాదికే. దాంతో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెప్తోంది. తెలంగాణలో ఆ చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు, కార్డులు ఇవ్వడమే మానేశారు. పశ్చిమ బెంగాల్‌లో కృషక్ బంధు కింద రికార్డుల్లో ఉన్న బర్గాదార్లకూ (పంట వాటాకు సాగు చేసేవాళ్లకూ) సాయం అందుతోంది. మనకు 2023 ఎన్నికల్లో కౌలు రైతులకూ ఏటా ఎకరానికి 15,000 ఇస్తామన్న హామీ ఉంది.

పట్టాదారుకు కౌలు ఎలాగూ ముడుతోంది. పంట సాయం పంట వేసినవాళ్లకే రావాలి. వచ్చే వానాకాలం పంటల నమోదు మొదలయ్యేలోపే సాగుదారు పేరు రాసుకోవాలని ఏఈఓలకు ఉత్తర్వులు ఇవ్వాలని, తహసీల్దార్లు గ్రామసభ పెట్టి ఊళ్లోనే కార్డులు ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక మహిళా కౌలు రైతు, నల్గొండ జిల్లా