అర్థం చెప్పకుండా బట్టీ పట్టిస్తే ఎలా?

సంపాదకుడు గారికి,

విశాఖ ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో పిల్లల చేత బరువైన ఇంగ్లిష్ పదబంధాలు బట్టీ పట్టించడం మామూలైపోయింది. వాటిలో ‘ఫర్ ఆల్ ఇంటెంట్స్ అండ్ పర్పసెస్’ ఒకటి. ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగ దరఖాస్తులు వడపోసే పని నాది కనుక ఇది తరచూ కంటపడుతుంది. చాలామంది ‘ఫర్ ఆల్ ఇంటెన్సివ్ పర్పసెస్’ అని రాస్తున్నారు. గబగబా పలికితే చెవికి అలాగే వినిపిస్తుంది మరి. ఇంటెన్సివ్ కూడా డిక్షనరీలో ఉన్న మాటే కాబట్టి కంప్యూటర్ దాని కింద ఎర్రగీత గీయదు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లూ ఈ తప్పు చేస్తారు. చెవిని నమ్మి రాసే ఇలాంటి పొరపాట్లకు భాషాశాస్త్రవేత్తలు 2003లో ‘ఎగ్‌కార్న్’ అని పేరు కూడా పెట్టారు.

అక్షరాల తప్పు ఒకసారి చెబితే దిద్దుకుంటారు. అసలు చిక్కు సరిగా రాసినవాళ్లతోనే. పర్పస్ అన్న మాట ఉంది కదాని ‘ఈ ఉద్యోగం నిమిత్తం’ అనే అర్థంలో దాన్ని వాడేస్తున్నారు. ఎనిమిదో హెన్రీ కాలపు ఇంగ్లండ్ చట్టాల భాషలోంచి వచ్చిన ఈ మాటకు అర్థం వేరు. కాగితం మీద కాకపోయినా, ఏ రకంగా చూసినా అంతే అని చెప్పడానికి వాడతారు. ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. 2005కు ముందు గాజువాక వేరే మున్సిపాలిటీ. కానీ జనం రాకపోకలు, సిటీ బస్సులు, బేరసారాలు అన్నీ విశాఖతోనే. అప్పట్లో గాజువాక ‘ఫర్ ఆల్ ఇంటెంట్స్ అండ్ పర్పసెస్’ విశాఖే అని రాస్తే అతికినట్టు సరిపోయేది. విశాఖ మహానగరపాలక సంస్థ (జీవీఎంసీ)లో కలిశాక ఆ మాటతో పనిలేదు, కాగితం మీద కూడా అది విశాఖే.

నిమిత్తం అని చెప్పదలిస్తే ‘ఫర్ ద పర్పస్ ఆఫ్ జాయినింగ్’ అనాలి, ‘ఫర్ ద పర్పస్ టు జాయిన్’ కాదు. నన్నడిగితే ఒట్టి ‘టు జాయిన్’ చాలు. ఈ ఒక్క తప్పు చూసి దరఖాస్తు పక్కన పడేసే ఆఫీసర్లూ లేకపోలేదు. అదీ అన్యాయమే, నేర్పినవాళ్ల తప్పుకు పిల్లలకు శిక్ష.

కోచింగ్ సెంటర్ల వాళ్లు నోట్సులో ప్రతి పదబంధం పక్కన అర్థం, ఎక్కడ వాడకూడదో ఒక ముక్క అచ్చు వేయాలి. మీ విద్యా పేజీలో కూడా వారానికొకటి ఇవ్వండి. ఉదాహరణలు మాత్రం ఇక్కడివి కావాలి. లండన్ వానల మీద వాక్యాలు అగనంపూడి, భీమిలి పిల్లలకు ఎక్కడం లేదు.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం